కారణం రాయని అర్జీ

"అరవొద్దప్పా! పురుగులు జ్వరానికి కూర్చోనుండాయి" అని అక్కయమ్మ కొడుకును గుసగుసగానే కసిరింది.

మునినారాయణ అప్పటికే ఎత్తిన గొంతును మింగేశాడు. మింగిన కోపం చేతిలోకి దిగింది. చేతిలోని అచ్చుకాగితం టపటప కొట్టుకుంది.

నిన్న మధ్యాహ్నం నుంచి ఆ ఇంట్లో జగడం ఇట్లాగే నడుస్తోంది. ఎవరి కోపమూ గొంతు దాటి రావడం లేదు. తట్టల్లో పట్టుపురుగులకు నాలుగో జ్వరం. గూడు కట్టేలోపల పురుగు నాలుగుసార్లు తోలు విడుస్తుంది. విడిచే ముందు ఆకు ముట్టదు, కదలదు, తల పైకెత్తి పుల్లముక్కలా నిలబడిపోతుంది. కన్నడ రాష్ట్రంలోని ఈ తెలుగు సీమలో దాన్నే జ్వరం అంటారు. జ్వరం వదిలేదాకా ఇంట్లో తిరగమోత ఉండదు, బీడీ పొగ ఉండదు, పరాయి మనిషి గడప దాటడు, గొంతెత్తి ఎవరూ మాట్లాడరు. అక్కయమ్మ ఈ కట్టుబాటును యాభై ఏండ్లుగా కాపాడుతోంది. కొడుకు కోపం కోసం ఇప్పుడు తప్పుతుందా?

గడప బయట జగిలి అరుగు మీద సీనప్ప కూర్చున్నాడు. మునినారాయణ భార్య లక్ష్మీదేవమ్మకు సొంత తమ్ముడే. అయినా చింతామణి నుంచి బస్సు దిగి వచ్చాడు గనక ఈ రోజుకు పరాయివాడే. అక్కడి హైస్కూలులో గుమాస్తా. మేనకోడలు చదివేది ఆ హైస్కూలులోనే. కిటికీ ఊచల మధ్య మూతి పెట్టి మాట్లాడుతున్నాడు.

"బావా, పన్నెండున్నర బస్సు తప్పితే సాయంత్రందాకా ఇంకోటి లేదు. నాలుగ్గంటలకు ఆపీసు మూసేస్తారు. ఈ పొద్దే ఆఖరు దినం. రాసిస్తే రాసియ్యండి. లేదంటే కాగితం వాపసు ఇచ్చేయండి, నేను పోతా."

"వాపసు ఇచ్చేదానికా నిన్ను పిలిపించింది? రాపిస్తా."

"ఎవరితో రాపిస్తావు?" అంది లక్ష్మీదేవమ్మ, పొయ్యి దగ్గర నుంచి. పొయ్యిలో మంట లేదు. ఉత్త బూడిద ముందర కూర్చుని ఉంది.

"ఎవరితోనేమి, దానితోనే."

అది అంటే హనుమక్క. పద్నాలుగేండ్ల పిల్ల. పురుగుల గది వాకిట్లో, తట్టల స్టాండు కాళ్ళ కింది చిప్పల్లో నీళ్ళు పోస్తోంది, చీమలు ఎక్కకుండా. ఆ ఇంట్లో రాయడం వచ్చిన చేయి అదొక్కటే. తాలూకా కచేరీకి అర్జీ అయినా, బాగేపల్లిలో ఉన్న చిన్నత్తకు జాబు అయినా తండ్రి చెప్తాడు, ఆ పిల్ల రాస్తుంది. ఇప్పుడు తన పేరు తానే కొట్టేసుకునే అర్జీ కూడా ఆ పిల్లే రాయాలి.

చెంబు కింద పెట్టి, చేతులు లంగాకు తుడుచుకుని వచ్చింది.

"చెప్పు నాయనా."

ఆ మాట అంత నెమ్మదిగా అనేసరికి మునినారాయణకు ఏం చెప్పాలో తోచలేదు. ఏడుస్తుందనుకున్నాడు. కాళ్ళు పట్టుకుంటుందనుకున్నాడు. వాటికి జవాబు సిద్ధం చేసుకుని ఉన్నాడు. దీనికి లేదు.

"సీనప్పా, అందులో ఏమని ఉండాదో ఇంకోసారి చెప్పు" అన్నాడు.

"భాష మార్చుకునేదానికి అర్జీ బావా అది. ఫ్రెంచి వదిలి సంస్కృతం పెట్టుకుంటాము అని. తొమ్మిదో తరగతిలో ఏది పెట్టుకుంటే పదిలో పరీక్షకూ అదే. మళ్ళ మార్చేదానికి లేదు. అందులో 'కారణం' అని ఉండాది చూడు, దాని కింద నాలుగు గీతలు. ఆడ కారణం రాయాల. అడుగున నువ్వు రుజు పెట్టాల, నీ సంతకం. కొట్టివేతలుంటే హెడ్ మేష్ట్రు తీసుకోడు. కాగితం ఇంకోటి లేదు నా దగ్గర."

"అంతేనా?"

"ఇంకోటి ఉండాది. రాగానే చెప్దామనుకున్నా." సీనప్ప తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఫ్రెంచికి ఉండేదే ఎనిమిది మంది. ఎనిమిది కంటే తగ్గితే క్లాసు ఉండకూడదని బడి కమిటీ తీర్మానం. ఈ పాప పోతే ఏడు. కమిటీలో సుబ్బరాయప్ప దాన్ని ఎప్పుడు మూయిద్దామా అని కాచుకోనుండాడు. యానాం మేష్ట్రు పెట్టె సర్దుకునేదే."

"సర్దుకోనీ. యాడినుంచో వచ్చినాడు, యాడికో పోతాడు."

యానాం మేష్ట్రు తెలుగువాడే. యానాంలో ఫ్రెంచి బడిలో చదివి అక్కడే పాఠాలు చెప్పినవాడు. అక్కడ ఫ్రెంచివాళ్ళ జెండా దిగిన తర్వాత పని వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చాడు. లెక్కలు చెప్పడానికి పెట్టుకుంటే, ఫ్రెంచి కూడా చెప్తానండి అన్నాడు. ఆయన 'అండి' అన్నప్పుడల్లా చింతామణి పిల్లలు నవ్వేవారు. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

హనుమక్క గూట్లోంచి పలక తీసింది. ఒకటో తరగతినాటి పలక, ఒక మూల విరిగింది.

"ముందు దీని మీద రాస్తా. నువ్వు సరే అన్నాక కాగితం మీదికి ఎత్తుతా. చెప్పు నాయనా, ఏం కారణం?"

"ఏం కారణమని అడగతాండావా?" అక్కయమ్మ కొడుకును దాటుకుని ముందుకు వచ్చింది. చూపు మందగించిన కండ్లను చిట్లించింది. "పోయిన పంట ఏమాయ? తట్టలకు తట్టలు సున్నం కట్టి, సుద్దముక్కల మాదిరి ఎత్తి దిబ్బలో పోస్తిమి గదా! ఎందుకైనాది? పొద్దునా సాయంత్రమూ నువ్వు ఆకేస్తా ఆ మాటలు వల్లించలేదా, పురుగుల నెత్తిన? జెస్సు బుస్సు అని, పాము బుస కొట్టినట్ల!"

"అవ్వా, పోయిన పంట మన ఊర్లో నాలుగిండ్లల్లో సున్నం కట్టింది. పాపన్న తాత ఇంట్లో ఎవరు వల్లించినారు ఫ్రెంచి?"

"గాలికి పోతాది మాట. గోడలు అడ్డమా?"

కిటికీ బయట సీనప్ప తలపాగాలో మొహం దాచుకున్నాడు. నవ్వు ఆగక భుజాలు ఎగురుతున్నాయి.

"నవ్వుతాండావా సీనప్పా? నవ్వు. పురుగులు పెంచే ఇంట్లో పుట్టింటే తెలుస్తాండె."

"నేను నవ్వలే అత్తమ్మా. దగ్గు."

"దగ్గేది కూడా అవతలికి పోయి దగ్గు."

మునినారాయణ విసుగ్గా చేయి ఊపాడు. "అదే రాయి. అవ్వ చెప్పిందే రాయి."

హనుమక్క రాసింది. బలపం పలక మీద కిరకిరమంటే అక్కయమ్మ పురుగుల గది వైపు భయంగా చూసింది. రాయడం అయ్యాక ఆ పిల్ల పలకను రెండు చేతులా పట్టుకుని, బళ్ళో చదివినట్టు, కాకపోతే గుసగుసగా చదివింది.

"నా కూతురు హనుమక్క మా ఇంటిలో పట్టుపురుగుల దగ్గర ఫ్రెంచి భాష చదివినందున, ఆ భాష విని, పురుగులు సున్నము కట్టి చనిపోయినవి. కావున ఆమెకు ఫ్రెంచి వద్దు."

అక్కయమ్మ సరే అన్నట్టు తలూపింది.

నోటితో అంటే సరిగ్గానే ఉన్న మాట రాసేసరికి ఇంకో మాదిరి అయిపోయింది. మునినారాయణ తలకాయలో హెడ్ మేష్ట్రు ఆ కాగితం చదువుతున్నాడు. పక్కన సుబ్బరాయప్ప నిలబడి వింటున్నాడు. విని, అంగడి వీధిలో పదిమందికి చెప్తున్నాడు.

"ఇట్లనే రాసినావా?"

"మీరు చెప్పిందే రాసినా నాయనా. ఒక్క మాట ఎక్కువ రాయలే, తక్కువ రాయలే."

"తుడిచెయ్."

"తుడిచేదెందుకురా?" అంది అక్కయమ్మ.

"నువ్వు గమ్మునుండమ్మా! తుడిచెయ్ అంటి గదా. ఇంకోటి రాయి. ఫ్రెంచి ఏ పనికీ రాదు. అంగట్లో పనికి రాదు, కచేరీలో పనికి రాదు, బస్సులో పనికి రాదు. పనికిరాని సదువు మా ఇంటికి వద్దు. అట్ల రాయి. అది న్యాయంగా ఉండాది."

హనుమక్క పలక తుడిచింది. బలపం పట్టుకుంది. రాయలేదు.

"సంస్కృతం అంగట్లో పనికొస్తాదా నాయనా?"

లక్ష్మీదేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కిటికీ బయట మళ్ళీ దగ్గు వినిపించింది.

"అది దేవుని భాష. దానికీ దీనికీ పోటీనా?"

"దేవుని భాషలో నేను కడపటి వరసలో కూర్చుంటి."

"వరస ఏది దొరికితే అది. బస్సా, ముందు సీటు కావాలనేదానికి?"

"దొరికింది కాదు నాయనా. కూర్చోబెట్టింది."

ఆ పిల్ల గొంతు అప్పటిదాకా పలచగా ఉంది. ఇప్పుడు చిక్కబడింది.

"పోయినేడు ఎనిమిదిలో మొదట నేను సంస్కృతంలోనే కూర్చుంటి. పండితులు ఒక్కొక్కరినీ లేపి, ఎవరి ఇంటి బిడ్డవు, మీ నాయన ఏం చేస్తాడు అని అడిగిరి. అడిగింది పేర్లు తెలుసుకునేదానికి కాదు. వరసలు కట్టేదానికి. నాకు కడపటి బల్ల. అది కూడా సరే అనుకుంటి. ఒక దినం శ్లోకం చెప్పమనిరి. రెండు చోట్ల తడబడితి. ముందు బల్లలో పిల్లోడు నాలుగు చోట్ల తడబడినాడు, వానికి నేర్పించిరి. నన్ను చూసి నవ్వి, 'మడక పట్టి దున్నే ఇంటి నాలుక ఇది, తిరగదు, కూర్చో' అనిరి. మళ్ళ ఆ ఏడాదిలో నన్ను ఒక్కసారి కూడా లేపేది లేదన్నారు. మరుసటి దినమే నేను పోయి ఫ్రెంచిలో కూర్చుంటి."

మునినారాయణ చేతిలో కాగితం ఆగిపోయింది.

"ఎప్పుడు జరిగింది ఇది?"

"పోయినేడు. ఆషాఢంలో."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే బడే మాన్పిస్తావని."

అది అబద్ధమని అనడానికి మునినారాయణ నోరు తెరిచాడు. అనలేకపోయాడు. మాన్పించి ఉండేవాడే. మడక అన్న మాట విని రోషంతో చింతామణి వెళ్ళి ఆ పండితుడిని నాలుగు మాటలు అని, ఇంటికి వచ్చి పిల్ల పుస్తకాల సంచి అటక మీద పెట్టేసి ఉండేవాడు. రోషం వాళ్ళ మీద, దెబ్బ పిల్ల మీద. అది ఆయనకు కూడా తెలుసు.

"మరి ఫ్రెంచి క్లాసులో ఏం వరసలు?" అని అడిగింది లక్ష్మీదేవమ్మ.

"వరసలు యాడివమ్మా? ఉండేదే ఎనిమిది మంది. అగ్రహారం పిల్లోడు ఉండాడు, అంగడి వీధి షావుకారు కొడుకు ఉండాడు, నేనుండా. ఎవరి ఇంట్లోనూ ఆ భాష తాతలు మాట్లాడింది లేదు. మొదటి దినం అందరమూ ఒక్కటే మాదిరి నత్తి కొడితిమి. ఫ్రెంచి ముందర అందరి నాలుకా మడక పట్టే నాలుకే."

సీనప్ప ఈసారి దగ్గలేదు.

"ఒక దినం మనం పురుగులకేసే రేష్మె ఆకును ఫ్రెంచిలో ఏమంటారని అడిగితి" అంది హనుమక్క. "పుస్తకంలో మంచు ఉండాది, చలిమంట ఉండాది, మన ఆకు లేదు. యానాం మేష్ట్రు కాసేపు ఆలోచించి, 'నాకు తెలీదమ్మా, కనుక్కుంటాను' అనిరి. తెలీదు అన్న మేష్ట్రును నేను అంతదాకా చూసింది లేదు. మరుసటి వారం ఒక చీటీ తెచ్చిచ్చిరి. ఎవరికో పుదుచ్చేరికి జాబు రాసి కనుక్కున్నారంట. ఆ చెట్టును 'మ్యురియే' అంటారంట. ఒక ఆకు పేరు కోసం, నేను అడిగినానని, జాబు రాసినారు నాయనా."

ఆ పేరు వినగానే అక్కయమ్మ రెండు చెవులూ మూసుకుంది. పురుగుల చెవులు ఎక్కడుంటాయో ఆమెకు తెలియదు గానీ తన చెవులు మూసుకుంటే వాటికీ కొంచెం అడ్డం పడుతుందని ఆమె నమ్మకం.

మునినారాయణ ఏ కారణం చెప్పినా పలక మీద నిలబడటం లేదు. చెప్పడం, తుడవడం. అందరూ తనవైపే చూస్తున్నారు. విసురుగా వెళ్ళి ధాన్యపు పెట్టె మీద అచ్చుకాగితం పరిచాడు. పిల్ల కలం తీసుకుని, అడుగున, గీత మీద, తనకు వచ్చిన ఒకే ఒక్క రాతను రాశాడు. మునినారాయణ. ఆరక్షరాలు. అందులో మూడో అక్షరం దగ్గర ఎప్పుడూ చేయి ఆగుతుంది. ఈ రోజూ ఆగింది.

"బావా, బావా!" సీనప్ప ఊచలు పట్టుకుని లేచాడు. "ఖాళీ కాగితానికి రుజు పెట్టొద్దు! పెద్దాయన, మా నాయన, అట్ల పెట్టే గదా మా చెరువు కింద మడి పోయింది!"

"అది పరాయోనికి పెట్టింది. నా బిడ్డ దగ్గర నాకు భయమా? కారణం బిడ్డే రాసుకోనీ. చాలు నాకు ఈ రచ్చ."

పురుగుల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. అక్కయమ్మ గోడ పట్టుకుని వెనకాలే వెళ్ళింది.

కాగితం పెట్టె మీద ఉంది. అడుగున సంతకం. పైన నాలుగు ఖాళీ గీతలు.

లక్ష్మీదేవమ్మ లేచి వచ్చి కూతురి భుజం పట్టుకుంది. ఇంతసేపూ బూడిద ముందర కూర్చున్న మనిషి. చేయి వేడిగా ఉంది.

"రాసెయ్ హనుమీ."

"ఏమని?"

"ఫ్రెంచే ఉండనీ అని రాసెయ్. నా కూతురు ఫ్రెంచే సదవతాది, మార్చేది లేదు, అని. రుజు ఉండాది గదా. ఆయనకు సదవను రాదు. తమ్ముడు తీసుకుపోతాడు. ఏం తమ్ముడా?"

సీనప్ప ఎటో చూశాడు. "నేనేమీ వినలేదు. కాగితం ఇస్తే తీసుకుపోతా. కాగితంలో ఏముండాదో చూసేది హెడ్ మేష్ట్రు పని."

"విన్నావా? రాసెయ్."

హనుమక్క కలం చేతిలోకి తీసుకుంది. నాలుగు గీతలు. రెండు గీతలు చాలు. రాస్తే యానాం మేష్ట్రు పెట్టె సర్దుకోడు, ఎనిమిది మందీ ఎనిమిది మందిగానే ఉంటారు, తాను సోమవారం బస్సెక్కి వెళ్ళి తన బల్ల మీద కూర్చుంటుంది. కలం కాగితానికి గోరంత ఎత్తులో ఆగింది.



"వద్దమ్మా" అని కలం మూత పెట్టింది.

"ఏమే? బుద్ధి లేదా నీకు?"

"నాయనకు సదవను రాదు కాబట్టే రాయకూడదు. వీళ్ళకు రాదు, వీళ్ళకేం తెలుస్తాది అనుకునే గదా అందరూ మనల్ని కడపటి బల్లలో పెట్టేది. మామ వాళ్ళ మడి పోయింది కూడా అట్లనే గదా. నేనూ అదే చేస్తే, నేను నేర్చుకున్నదేంది? రాసేది నేర్చుకున్నానా, మోసం చేసేది నేర్చుకున్నానా?"

లక్ష్మీదేవమ్మకు కోపం వచ్చింది. ఈ పిల్ల మంచితనం ఈ పిల్లకే అడ్డం పడుతోందని కోపం. చేయి తీసేసి గోడకు ఆనుకుంది.

పురుగుల ఇంట్లో జ్వరం రోజు ఎంత చిన్న మాటైనా దాగదు. తలుపు తెరుచుకుంది. మునినారాయణ వాకిట్లో నిలబడ్డాడు. అంతా విన్నాడని మొహమే చెప్తోంది. భార్యవైపు చూడలేదు. కూతురినే చూస్తున్నాడు.

లక్ష్మీదేవమ్మకు దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదు.

"అవును, నేనే చెప్పినా రాయమని" అంది. "ఏం చేస్తావో చెయ్యి. నువ్వు మాత్రం నిజం చెప్పినావా? పురుగులంటివి, అంగడంటివి. పోయిన ఆదివారం సంతలో సుబ్బరాయప్ప నీకేం చెప్పినాడో అది చెప్పు నీ బిడ్డకు. ఆ పొద్దునుంచి నువ్వు కడుపునిండా తిన్నది లేదు."

మునినారాయణ గడప మీద కూర్చున్నాడు. లోపల పురుగులు, బయట మనుషులు, నడుమ తను.

"ఏం చెప్పినాడు నాయనా?"

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. ఆకు కోసి కోసి పచ్చబడిన చేతులు.

"ఫ్రెంచి పెట్టుకున్నోళ్ళకు పదయినాక పైసదువు ఈ చుట్టుపక్కల యాడా లేదంట. బెంగుళూరే అంట. 'నీ బిడ్డ ఈడుండే బిడ్డ కాదు మునినారాయణా, పోయిందనుకో' అన్నాడు. సంస్కృతమైతే పైకి సదివినా ఈ చుట్టుపక్కలే, ఇంటి పట్టున ఉంటాది అన్నాడు."

తల తిప్పి తట్టల వైపు చూశాడు.

"మీ అవ్వకు కండ్లు పోయె. నాకు ఆకు కోసేది తెలుసు, తట్ట మోసేది తెలుసు. పురుగు జ్వరానికి కూర్చోనిందా, లేచిందా అని చూసే కన్ను ఈ ఇంట్లో నీకొక్కదానికే ఉండాది. గడియ ముందు ఆకేసినా పంట పాడే, గడియ వెనకేసినా పాడే. నువ్వు పోతే..." మాట ఆగింది. "పురుగుల కోసమే అని కూడా కాదులే. నువ్వు లేని ఇల్లు నాకు తెలీదు. అంతే. రాయి ఇది. ఇదే కారణం. పలక మీద వద్దు, కాగితం మీదే రాయి. ఇది తుడిచేది కాదు."

కలం హనుమక్క చేతిలోనే ఉంది. ఆ పిల్ల కండ్లలో నీళ్ళు తిరిగాయి. కానీ రాయలేదు.

"ఇది నేను రాయను నాయనా."

"ఎందుకు? అవ్వ చెప్పిందైతే రాస్తివే?"

"అది అవ్వ మాట, ఊరి మాట. ఎవరు రాసినా ఒకటే. ఇది నీ మాట. నీ చేత్తోనే రాయాల."

"నాకు వస్తాదా?" మునినారాయణ నవ్వబోయాడు. "నా పేరు తప్ప నాకేం వచ్చు?"

"నేను నేర్పిస్తా."

"నలభై అయిదేండ్లకా?"

"మేమూ మొదటి దినం నత్తి కొట్టలేదా? అగ్రహారం పిల్లోడు కూడా కొట్టినాడంటి గదా."

"నాలుగ్గంటలకు ఆపీసు మూసేస్తారు తల్లీ" అన్నాడు సీనప్ప కిటికీలోంచి. ఆ గొంతులో తొందర లేదు. గుమాస్తా గనక చెప్పాలి, చెప్పాడు. "కన్నడంలోనే రాయాలని లేదు బావా. తెలుగులో రాసినా హెడ్ మేష్ట్రు చదువుతాడు."

అప్పుడే లోపలి నుంచి అక్కయమ్మ పిలిచింది. "హనుమీ! ఒకటి తల దించింది! చూడు, చూడు, నాకు సరిగ్గా కానరాలే!"

హనుమక్క లేచి తండ్రిని దాటుకుని లోపలికి వెళ్ళింది. తట్ట తట్టకూ వంగి చూసింది. పాత తోలు పక్కకు తోసేసి, పాలిపోయిన కొత్త ఒంటితో పురుగులు మెల్లగా కదులుతున్నాయి. పై తట్టలో అన్నీ లేచాయి. కింది రెండు తట్టల్లో ఇంకా కొన్ని తలెత్తుకునే ఉన్నాయి. ఆ పిల్ల వేలితో ముట్టుకోకుండా, ఊపిరి బిగపట్టి, ఒక్కొక్కదాన్నీ చూసింది. ముసలామె ఆ పిల్ల మొహం చూస్తోంది. మునినారాయణ గడప మీద తల తిప్పి, ఆ ఇద్దరినీ చూస్తున్నాడు.

"పై వరసకు వెయ్యి అవ్వా. కిందివాటికి వద్దు. అవి ఇంకా లేయలే."

అక్కయమ్మ గంపలోంచి దోసెడు ఆకు తీసి పై తట్టలో జల్లింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత మొదలయింది, సన్న జల్లు ఎండుటాకుల మీద పడినట్టు, వేల నోళ్ళు ఆకు కొరికే చప్పుడు. ఒకరోజంతా నోరు కట్టుకున్న ఇంట్లో అది ఎంతో పెద్ద చప్పుడు.

"లేసినాయి" అంది అక్కయమ్మ, మామూలు గొంతుతో. "ఇంక అరుచుకోండప్పా. ఎంత కావాలంటే అంత అరుచుకోండి."

ఎవరూ అరవలేదు.

దూరంగా, బాగేపల్లి దావలో బస్సు హారను వినిపించింది. సీనప్ప తలపాగా చుట్టుకుని జగిలి దిగాడు.

"బావా, ఏం చేద్దాం?"

"డ్రైవరుకు చెప్పి నిలబెట్టు."

"ఎంతసేపు నిలబడతాడు?"

ధాన్యపు పెట్టె మీద కాగితం అట్లాగే ఉంది. అడుగున మునినారాయణ పేరు, పైన నాలుగు ఖాళీ గీతలు. ఆయన దాన్ని ముట్టుకోలేదు. వంగి, నేల మీది విరిగిన పలకను తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. బలపాన్ని కొడవలి పట్టినట్టు పట్టుకున్నాడు. కూతురు వచ్చి, ఆ వేళ్ళను ఒక్కొక్కటీ విప్పి, మళ్ళీ సరిగ్గా పెట్టింది.

"ఏ మాట ముందు రాయాల నాయనా?"

రోడ్డు మీద బస్సు ఆగింది. ఇంజను ఆపలేదు. సీనప్ప ఎవరితోనో చేతులు ఊపుతూ మాట్లాడుతున్నాడు.

మునినారాయణ పలక వైపే చూస్తూ అన్నాడు.

"ముందు నీ పేరు ఎట్ల రాస్తారో చూపించు."